మా వదిన గురవమ్మ, ముప్పైతొమ్మిది మూరల ప్రభ

మా వదిన గురవమ్మ గురించి రాయడానికి నాకంటే తగినవాడు మా ఊళ్లో ఇంకొకడు లేడు. గొప్పకి చెప్పడం కాదు. ఆమె కాపురానికి వచ్చిన రోజున గూడుబండి ఎద్దుల్ని విప్పింది నేను. ఆమె పిల్లలు పుట్టిన తేదీలు కాయితం మీద ఎక్కించింది నేను. ఆ రోజుల్లో మా వీధి మొత్తం మీద అయిదో తరగతి ప్యాసయినవాడిని కూడా నేనొక్కణ్ణే. దస్తూరీ పోటీలో నరసరావుపేట తాలూకా అంతటికీ నాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది కరణంగారి అల్లుడికి ఇచ్చారు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మా చుట్టుపక్కల మొట్టమొదటి సైకిలు కొన్నాను, తరవాతి కాలంలో రెండుసార్లు సర్పంచిగా చేశాను, ఊరికి రోడ్డు వేయించాను. అయినా మా వదిన చేసిన పని ముందు ఇవన్నీ చిన్నవేనని ఒప్పుకునే పెద్దమనసు నాకుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె పుట్టిల్లు సత్తెనపల్లి అవతల. పదకొండుమందిలో పెద్దది. తన తరవాత పుట్టి బతికినవాళ్లందర్నీ చంకన వేసుకుని తిప్పింది ఆమే. పెళ్లినాటికి ఆమెకి పద్నాలుగేళ్లు. పిల్లల్ని పెంచడంలో మాత్రం నలభై ఏళ్ల మనిషికున్నంత అనుభవం ఉండేది.

గడప తొక్కిన రోజున మా మేనత్తలూ పెద్దమ్మలూ వరసగా కూచుని, ఎనిమిదిమంది కొడుకుల తల్లివి కమ్మని అక్షింతలు వేశారు. కొత్తకోడలు వంచిన తల ఎత్తకుండానే, ముగ్గురు చాలు పెద్దమ్మా అంది. దీవెనని బేరమాడిన కోడల్ని మా ఊరు అంతవరకూ చూడలేదు. మా పెద్దమ్మ కాసేపు ఆలోచించి, సరే, కొత్తదానివి కాబట్టి ఆరుకి దిగుతానంది. వదిన మూడు దగ్గరే నిలబడింది. చివరికి మా అమ్మ సుబ్బులమ్మ కల్పించుకుని, ఇదేమన్నా వంకాయల గంపా అని కసిరి, మిగిలిన అక్షింతలన్నీ కోడలి నెత్తిన ఒక్కసారే గుమ్మరించి లోపలికి తోసింది.

మా అమ్మని తప్పు పట్టకూడదు. ఆమె తొమ్మిదిమందిని కన్నది. మిగిలింది మా అన్న కోటేశ్వర్లూ నేనూ. అమ్మవారు పోసినప్పుడు ఒక్క నెలలో ముగ్గురు పోయారట. అందుకని ఆమె లెక్క వేరుగా ఉండేది. ముగ్గురు కావాలంటే పదిమందిని కనాలి, అమ్మవారు వచ్చి వెళ్లిందాకా పిల్లలు మనవాళ్లు కాదు అనేది. వదిన ఎదురు చెప్పేది కాదు. అత్త అటు వెళ్లాక నాతో మాత్రం, పదిమందిని కని ఏడుగురిని పోగొట్టుకునే బదులు ముగ్గుర్ని కని ముగ్గుర్నీ ఉంచుకునే ఉపాయం మీ బళ్లో చెప్పలేదా అని అడిగేది. మా బళ్లో కూడికలూ తీసివేతలే చెప్పారు.

ఇక మా అయ్య పిచ్చియ్య. మా అయ్యకి లోకంలో రెండే ఇష్టం: ఒకటి సరైన కొలత, రెండు మా ఇంటి ప్రభ.

ప్రభ అంటే తెలియని పై ఊళ్లవాళ్ల కోసం చెబుతాను. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి ఊరూరి నుంచీ ప్రభలు వెళతాయి. మాచర్ల వైపు నుంచి బండ్ల మీద తెప్పించిన వెదురు గడల్ని నిచ్చెనలా పేర్చి కట్టి, రంగు బట్టలు చుట్టి, అద్దాలూ కాయితప్పూలూ అంటించి, దాన్ని బండి మీద నిలువునా నిలబెడతారు. ఎద్దులు బండిని లాగుతుంటే, ప్రభ ఒరిగిపోకుండా నాలుగు వైపులా మోకులు పట్టుకుని మనుషులు నడుస్తారు. ఎవరి ప్రభ ఎత్తుగా ఉంటే ఆ ఏడాదంతా వాళ్ల మాట ఎత్తుగా ఉంటుంది.

మా ప్రభ మా తాత నాటి నుంచీ ముప్పై మూరలు. దాని మీద జానెడు పెంచాలన్నా సామికి చెప్పుకునే కారణం ఉండాలి; ఊరికే గొప్పకి పెంచితే అరిష్టం. మా అన్నకి పెద్దోడు పుట్టినప్పుడు మా అయ్యకి ఆ కారణం దొరికింది. సామీ, నా ఇంట పుట్టిన ప్రతి బిడ్డ ఎత్తూ నా ప్రభకి కలుపుతాను అని కొండ మీద నిలబడి మొక్కుకున్నాడు.

పిల్లల్ని నోటితో లెక్కపెట్టడం మా ఇళ్లలో నిషిద్ధం, దిష్టి తగులుతుంది. ఎంతమంది అని ఎవరన్నా అడిగితే దేవుడిచ్చినంతమంది అనాలి. అందుకని మా అయ్య జనపతాడు ఒకటి పేనాడు. బిడ్డని ఇరవైఒకటో రోజున ఉయ్యాల్లో వేసే ముందు తల నుంచి మడమ దాకా ఆ తాడుతో కొలిచి, ముడి వేసేవాడు. తరవాతి బిడ్డ కొలత ఆ ముడి దగ్గర నుంచి మొదలు. శివరాత్రి ముందు గడల పక్కన ఆ తాడు పరిచి, తాడు ఎంతుంటే ప్రభ అంత పెంచేవాడు. నోరు మెదపకుండా లెక్క తేలిపోయేది.

రెండో కాన్పు ఆడపిల్ల. ఆడపిల్ల ఎత్తు పనికొస్తుందా రాదా అని మోకుల వాళ్లలో చర్చ జరిగింది. మా అయ్య తాడు చేతిలో పట్టుకుని ఒక పూటంతా ఆలోచించి, సామి దృష్టిలో ఆడా మగా ఒకటేనని తీర్పు చెప్పాడు. పిల్ల పెద్దోడికంటే రెండు వేళ్లు పొడుగ్గా పుట్టింది మరి. మూడో కాన్పు నడిపోడు. వదిన అనుకున్న ముగ్గురూ అయ్యారు. ఇక చాలని మా అన్నకి చెప్పింది. మా అన్న బంగారం లాంటి మనిషి. ఎవరు ఏం చెప్పినా తలూపుతాడు. ఆ తలూపుడుతోనే చంటోడు పుట్టాడు.

చంటోడి కాన్పు రెండు రోజులు కష్టమయింది. మా ఊళ్లో మంత్రసాని మహమూదా. చేయి తిరిగిన మనిషి, నన్నూ ఆమె చేతులే భూమ్మీద పడేశాయి. చంటోణ్ణి కడిగి మా అమ్మ చేతిలో పెట్టి, "సుబ్బులమ్మ వదినా, మళ్లీ దీనికి కాన్పయితే నన్ను పిలవమాకు," అంది. "తల్లినా బిడ్డనా అని అడిగే రోజు వచ్చుద్ది. ఆ మాట అడగడానికి నేను నీ గడప తొక్కను." వదిన ఆరు నెలలు గోడ పట్టుకుని నడిచింది.

మరుసటి శివరాత్రికి, అంటే పంతొమ్మిదివందల నలభైమూడులో, నాలుగు ముళ్ల తాడు పరిస్తే నాలుగున్నర మూరలు వచ్చింది. మా ప్రభ ముప్పైనాలుగున్నర. ఎంతో ధీమాగా బయల్దేరాం. తీరా కొండ కింద చూస్తే జువ్విపాలెం చెన్నకేశవులు ప్రభ ముప్పైఆరు. ఆ చెన్నకేశవులు మా ప్రభ చుట్టూ ఒకసారి తిరిగి, మా అయ్య భుజం మీద చెయ్యేసి, ఏంది పిచ్చియ్యా, మీ కోడలు అలిసిపోయిందా అని అడిగాడు.

ఆ ఒక్క మాట మా ఇంటిని ఏడాదిపాటు తగలబెట్టింది. తేడా మూరన్నర. నేను మట్టిలో పుల్లతో లెక్క వేసి, ఒక బిడ్డయితే చాలదు, ఇద్దరయితే కొంచెం మిగులుతుంది అని చెప్పాను. లెక్క తప్పని నా నోటిని ఆ రోజు వదిన చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. మా అయ్య మాత్రం, కవలలయితే ఒకే కాన్పులో తేలిపోద్ది అని సంబరపడ్డాడు.

అప్పటి నుంచి ఊరంతా మా వదిన కడుపు వైపే చూసింది. బావి దగ్గర నీళ్లు తోడుతుంటే ఎన్నో నెల అని అడిగేవాళ్లు. ఏ నెలా లేదంటే, మోకు పట్టేవాళ్ల పెళ్లాలు నిట్టూర్చేవాళ్లు. డప్పుల వాళ్లు గుమ్మం ముందుకొచ్చి ఈ ఏడు కొత్త డప్పు కట్టించాలా పాతదే సరిపెట్టుకోవాలా అని వాకబు చేసేవాళ్లు. మా అమ్మ ప్రతి సాయంత్రం మా అన్న మంచం లోపల గదిలో వేసేది. వదిన ఆ మంచం మీద నలుగురు పిల్లల్నీ అడ్డంగా పడుకోబెట్టేది. మా అన్న వచ్చి, మంచం నిండిందని చూసి, తలూపి, దుప్పటి తీసుకుని కొట్టం దగ్గరికి పోయేవాడు. చంటోడికి పాలు మానిపించమని మా అమ్మ వేపాకు నూరి ఇస్తే, వదిన ఆ ముద్దని గేదె కురుపుకి రాసేది.

ఏడాది గడిచింది. సంక్రాంతి పంటలు ఇంటికొచ్చి, శివరాత్రికి నెలన్నర ఉందనగా మా అయ్య వదినని వసారాలోకి పిలిచాడు. నేనూ మా అన్నా అక్కడే ఉన్నాం.

"నీ మీద నాకు కోపం లేదమ్మా," అన్నాడు. "నువ్వు మంచిదానివి. కానీ ప్రభ ఆగగూడదు. కోటేశ్వర్లుకి ఇంకో సంబంధం చూద్దామనుకుంటన్నా. ఆ పిల్ల నీకు చెల్లెలి మాదిరి ఉంటది."

ఆ రోజుల్లో దానికి చట్టం అడ్డు లేదు, ఊరూ అడ్డు చెప్పదు. వదిన మా అన్న వైపు చూసింది. మా అన్న ఎద్దు కొమ్ము వైపు చూశాడు. కొమ్ముకి రంగు వేయాల్సిన అవసరం ఉందన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తల మాత్రం ఊపలేదు. అంతవరకూ అతని జీవితంలో అదే పెద్ద తిరుగుబాటు.

నాకు పెళ్లయింది గానీ నా భార్య ధనలక్ష్మి ఇంకా కాపురానికి రాలేదు, చిన్నపిల్ల. లేకపోతే ఈ గండం సగం మా మీద పడేది. ఆ కృతజ్ఞత కొద్దీ నేను వదిన పక్షం వహించాల్సింది. కానీ మా అయ్య, గురజాల దగ్గర ఒక ఇంటికి సంబంధం గురించి ఉత్తరం రాయమన్నాడు. రాయమని ఎవరు చెప్పినా నా చెయ్యి ఆగదు. నీలం సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా, మా వంశం, మా పొలం, మా ఎడ్ల జతలు, మా అన్న సౌమ్యత, మాకు చాలని పిల్లల సంగతి అన్నీ వర్ణిస్తూ రెండు పేజీలు రాశాను. అంత మంచి ఉత్తరం నేను మళ్లీ రాయలేదు. ఎడ్లపాడు సైకిలు మీద వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

వదిన పొయ్యి దగ్గర కూచుని ఉంది. వేశావా అని అడిగింది. పని సగంలో వదిలే అలవాటు నాకు లేదని చెప్పాను.

"బ్రహ్మయ్యా," అంది, "కంటే చస్తానని మహమూదా పిన్ని చెప్పింది. కనకపోతే సవతి వచ్చుద్దని మామ చెబుతున్నాడు. పిన్ని చేతులు అబద్ధం చెప్పవు, మామ మాట తప్పడు. నువ్వు అయిదో తరగతి చదివావు గదా, ఇందులో నాకు మిగిలిందేందో చెప్పు."

నాకు తెలిసిన లెక్కల్లో అది లేదు. సంబంధం వాళ్లని శివరాత్రి వెళ్లాక రమ్మని రాశాను, అప్పటిదాకా టైం ఉందన్నాను. దానికి ఆమె, నీ చదువు పొయ్యిలో పెట్టుకుంటే అన్నమన్నా ఉడుకుద్ది అంది. మా వదిన నన్ను తిట్టింది ఆ ఒక్కసారే. అంటే, అంత గట్టిగా తిట్టింది.

తిరునాళ్ల బట్టలు కుట్టడానికి దర్జీ మౌలాలీ వచ్చాడు. యుద్ధం రోజులు, బట్ట కంట్రోలులో ఉంది. మనిషికి ఇంతని కొలిచి ఇస్తున్నారు. నిరుటి కొలతలు ఉన్నాయి గదా, వాటికే కుట్టెయ్యమని మా అమ్మ చెప్పింది. మౌలాలీ పెద్దోణ్ణి గోడకి ఆనించి టేపు పెట్టి చూసి, పెద్దమ్మా, వీడు నిరుటికీ ఇప్పటికీ ఎంత సాగాడో చూశావా అన్నాడు. నిరుటి కొలతకి కుడితే చొక్కా బొడ్డు కాడ ఆగుద్ది, పుట్టిననాటి కొలతకి కుట్టమంటే మెడకి కట్టుకోవాల్సిందే అని నవ్వాడు.

వదిన బియ్యం చెరుగుతోంది. చేట ఆగిపోయింది. ఆమె మౌలాలీని, పిల్లల కొలత ఏడాదికోసారి తియ్యాలా అని అడిగింది. మౌలాలీ, పిల్లలు పెరగడం మానేసిందాకా తియ్యాల్సిందేనమ్మా అన్నాడు. ఆమె మళ్లీ చెరగడం మొదలుపెట్టింది గానీ, మెరికలతో పాటు మంచి బియ్యం కూడా నేల మీద పడుతున్నాయి.

రెండు రోజుల తరవాత మా దొడ్లో గడలు పరిచారు. ప్రభ కట్టే మేస్త్రి, మోకులు పట్టే ఇరవైమంది, చూడ్డానికి వచ్చిన ముసలాళ్లు అందరూ ఉన్నారు. మా అయ్య పెట్టెలోంచి తాడు తెచ్చి, కళ్లకద్దుకుని, గడల పక్కన పరిచాడు. అదే నాలుగున్నర మూరలు. అందరి మొహాలూ చిన్నబోయాయి. ఆడవాళ్లు గడల దగ్గరికి రాకూడదు. వదిన గట్టు మీద నిలబడి మాట్లాడింది.

"మామా, ఆ మొదటి ముడి ఎవరిది?"

"పెద్దోడిది. ఇరవైఒకటో రోజున కొలిచా."

"పెద్దోడేడీ?"

వాడు గడల మీద గెంతుతున్నాడు. వదిన వాణ్ణి పిలిచి, తాడు పక్కన, దాని మొదట్లో తల పెట్టి పడుకోమంది. వాడు పడుకున్నాడు. వాడి కాళ్లు తన ముడి దాటాయి, చెల్లెలి ముడి దాటాయి, నడిపోడి భాగంలో సగం దాకా పోయాయి. వాడు ఇంకా వేళ్లు కూడా చాపాడు.

"మామా, నీ ఇంట పుట్టిన బిడ్డల ఎత్తు ఇస్తానని సామికి మొక్కావు," అంది వదిన. "వాడి ఎత్తు అంత. నువ్వు ఇచ్చింది ఇంత. ఎనిమిదేళ్లుగా సామికి తక్కువ కొలుస్తున్నావు."

ఇక్కడ మా అయ్య సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి ఉప్పు అమ్ముకునేవాడి మానికకి అడుగున మైనం ఉందని కనిపెట్టి, ఆ మానికని రోకలితో పగలగొట్టిన మనిషి ఆయన. పిచ్చియ్య చేతి కొలత అంటే మా చుట్టుపక్కల సాక్ష్యం అక్కర్లేదు. అలాంటి మనిషి తాడు వంకా మనవడి కాళ్ల వంకా చూశాడు.

మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి, మొక్కిన రోజు ఎత్తే ఎత్తు, తరవాత పెరిగింది సామికి సంబంధం లేదు అంది. వదిన అత్త వైపు తిరిగి, "అయితే అత్తా, సామి వీళ్లకి ఆయుష్షు ఇచ్చింది ఇరవైఒక్క రోజులకేనా?" అంది. మా అమ్మ గభాలున చెంపలేసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మేస్త్రి దగ్గి, సామితో తకరారు ఎందుకు పిచ్చియ్యన్నా, కొత్త తాడు పేను అన్నాడు.

కొత్త తాడు పేనారు. నలుగుర్నీ వరసగా పడుకోబెట్టి కొలిచారు. పెద్దోడు రెండు ముప్పాతిక మూరలు, పిల్ల రెండున్నర, నడిపోడు రెండుంబావు. చంటోడు పడుకోనని ఏడిస్తే, నోట్లో బెల్లం పెట్టి నేను కాళ్లు పట్టుకున్నాను, ఒకటి ముప్పాతిక. మొత్తం నోటితో చెప్పకుండా బొగ్గుతో నేల మీద రాశాను: తొమ్మిదింబావు. ముప్పైతో కలిపితే ముప్పైతొమ్మిదింబావు మూరలు. ఆ అంకె చదవగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. నేను చదివాక ఇరవైమంది మోకుల వాళ్లూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, ఇంకో ఇరవైమంది కావాలన్నారు.

ఆ రోజు నుంచి మా అయ్య మనిషే మారిపోయాడు. శివరాత్రికి ఇంకా పదిహేను రోజులుంది, కట్టే రోజున ఇంకోసారి కొలవచ్చు గదా అని, తన పెరుగు గిన్నె పిల్లల ముందుకి తోశాడు. ఏమే గురవమ్మా, పిల్లకి నెయ్యి తగలట్లేదే అని కోడల్ని కేకలేశాడు. నడిపోడు తుమ్మితే శొంఠి నూరించాడు. అంతకుముందు టీకాలాయన వస్తున్నాడంటే పిల్లల్ని గడ్డివామి చాటున దాచేవాడు. ఊచ గుచ్చితే అమ్మవారికి కోపం వస్తుందని భయం. ఈసారి నేను నరసరావుపేట వెళ్లి ఆయన్ని సైకిలు వెనక కూచోబెట్టుకుని తెస్తే, మా అయ్యే నలుగుర్నీ వరసలో నిలబెట్టి, చొక్కా చేతులు పైకెత్తించి, వీళ్లలో ఒక్కడు పోయినా నాకు రెండు మూరలు పోతాయి, జాగ్రత్తగా వెయ్యి నాయనా అన్నాడు. మా ఊళ్లోకి టీకాలు నా సైకిలు మీదే వచ్చాయని ఇక్కడ రాసి పెడుతున్నాను. మా అమ్మ మూలన నిలబడి చూసింది. టీకాలయ్యాక పిల్లల దండచేతులకి పసుపు రాసి, వదిన దగ్గరికి వెళ్లి, "అమ్మవారు వీటిని చూసి వెనక్కి పోద్దంటావా?" అని అడిగింది. పోద్దత్తా అంది వదిన. మా అమ్మ ఆ సాయంత్రం మా అన్న మంచం లోపల వేయడం మరిచిపోయింది.

శివరాత్రి తెల్లారి మా ప్రభ లేచింది. రంగు బట్ట చాలక ఊళ్లో ఆడవాళ్ల పట్టుచీరెలు అరువు తెచ్చి చుట్టాం. నలభైమంది మోకులు పట్టారు. నేను ముందు నడిచి, అడ్డొచ్చిన కొమ్మలు చూసి కేకలు వేసే బాధ్యత తీసుకున్నాను. అది ప్రభలో అందరికంటే కష్టమైన పని. కొండ కింద చెన్నకేశవులు ప్రభ పక్కన మా ప్రభని నిలబెట్టేసరికి, అతను తల పైకెత్తి చూసి చూసి తలపాగా కిందపడేసుకున్నాడు. తేరుకుని, ఏంది పిచ్చియ్యా, కోడలికి ముగ్గురు కవలలా అన్నాడు.

"కాదు," అన్నాడు మా అయ్య. "ఉన్నవాళ్లే."

ఆ మాట ఆ ఏడాదంతా మా ఊళ్లో తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం గాలి లేచింది. ముప్పైతొమ్మిది మూరల ప్రభకి గాలి తగిలితే ఎలా ఉంటుందో మా తాత ముత్తాతలెవరికీ తెలియదు. అటు ఇరవైమంది లాగితే ఇటు ఒరిగింది, ఇటు ఇరవైమంది లాగితే అటు ఒరిగింది. మా అయ్య బండి ముందు చేతులు చాపుకుని, దాన్ని కౌగిలించుకునేవాడిలా అటూ ఇటూ పరిగెత్తాడు. చివరికి అది పొగాకు చేలో మెల్లగా, పెద్దమనిషి పడుకున్నట్టు పడుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పట్టుచీరెలు మాత్రం పొగాకు జిగురంటుకుని ఏడాదిపాటు కంపు కొట్టాయి.

మేస్త్రి విరిగిన గడలు ఏరుతూ, వచ్చే ఏడు పిల్లలు ఎంత పెరుగుతారని అడిగాడు. నేను నిలబడ్డ చోటే లెక్క వేసి చెప్పాను: తక్కువలో తక్కువ అర మూర. నలుగురూ పెద్దవాళ్లయ్యేనాటికి నలభైఅయిదు మూరలు దాటుతుందని కూడా చెప్పాను. మా అయ్య పొగాకు చేలోనే చతికిలబడ్డాడు.

అలా కూలబడిన మా అయ్య ఇంకా సరిగా లేవకముందే, వారం తిరిగేసరికి గురజాల పెద్దమనిషి మా గుమ్మంలో దిగాడు. తెల్లటి కండువా, కిర్రు చెప్పులు, చేతిలో నేను రాసిన ఉత్తరం. వసారాలో మంచం వేశాం. మా అన్న కొట్టంలోకి వెళ్లి గేదె వెనక నిలబడ్డాడు.

పెద్దమనిషి, ఉత్తరం చూసి సంతోషించామనీ, అమ్మాయికి పదహారేళ్లు అనీ, వాళ్ల ఇంటి ఆడవాళ్లకి కాన్పులు బాగా అచ్చొచ్చాయనీ, ఆమె తల్లికి పన్నెండుమందనీ చెప్పుకుపోయాడు. మా అయ్య వింటున్నాడు గానీ కళ్లు దొడ్లో ఆడుతున్న మనవళ్ల మీద ఉన్నాయి.

వదిన మజ్జిగ తెచ్చింది. చెంబు అందిస్తూ చానా మర్యాదగా, "బాబాయిగారూ, అమ్మాయి పొడగరేనాండీ?" అని అడిగింది.

పెద్దమనిషి మొహం విప్పారింది. "పొడుగంటావేందమ్మా. మా ఇంట్లో అందరం గుమ్మానికి తల వంచుకుని పోయేవాళ్లమే. మా అమ్మాయి నీకంటే మూరెడు ఎత్తు. మా మనవలు పదేళ్లకే నా భుజం దాటారు."

మా అయ్య మంచం మీద నుంచి లేచాడు. నిలబడి, కూచుని, మళ్లీ లేచాడు.

"వద్దు," అన్నాడు. "వద్దు బావగారూ. మీ పిల్ల చల్లగా ఉండాలి. మాకొద్దు."

పెద్దమనిషి బిత్తరపోయి, కోడలికి పిల్లలు చాలడం లేదని మీరే రాశారు గదా అన్నాడు.

"చాలకపోవడమేందయ్యా," అన్నాడు మా అయ్య. "పిల్లలన్నాక పెరుగుతారు గదా. ఉన్నవాళ్లకే నలభైమంది కావాలి. మీ పిల్ల వచ్చి మీ పొడుగు వాళ్లని ఇంకో పదిమందిని కంటే, ఆ మోకులు పట్టడానికి పల్నాడంతా వచ్చినా చాలదు. మా కోటేశ్వర్లుకి ఇంక ఎవరూ పుట్టనక్కర్లేదు. ఈ మాట సామి మీద ఒట్టేసి చెబుతున్నా."

వదిన ఆయన చేతిలోంచి ఖాళీ చెంబు తీసుకుని, ఇంకాస్త మజ్జిగ పోయనా బాబాయిగారూ అని అడిగింది. ఆయన వద్దన్నాడు. నేను ఊరి చివరి దాకా సాగనంపాను. దారిలో ఆయన ఉత్తరం నాకే తిరిగి ఇచ్చేశాడు. దస్తూరీ ఎలా ఉందని అడిగాను. దస్తూరీ బాగుంది నాయనా, మనుషులే అంతుబట్టడం లేదు అన్నాడు.

మా అయ్య ఒట్టు మీద నిలబడ్డాడు. ఆ తరవాత మా అన్నా వదినా ఎలా కాపురం చేసుకున్నారన్నది ఆలుమగల సంగతి. నా వయసువాడు రాయాల్సింది కాదు. మహమూదాకి ఆ విషయంలో కొంత జ్ఞానం ఉందనీ, మా అమ్మ కూడా దాన్ని అడ్డుకోలేదనీ మాత్రం తెలుసు. ధనలక్ష్మి కాపురానికి వచ్చిన రోజున పెద్దమ్మలు అక్షింతలు పట్టుకుని నోరు తెరిస్తే, మా అయ్య మధ్యలో లేచి, ఎనిమిదీ ఆరూ అంటే ఊరుకోను, నిండు నూరేళ్లు బతకమని దీవించండి చాలు అన్నాడు. నాకు ఇద్దరు.

నలభైఆరులో అమ్మవారు మా ఊళ్లోకి వచ్చింది. మా వీధిలో ఏడిళ్లలో ఏడుపు వినపడింది. మా ఇంట్లో ఎవరికీ వంటి మీద పొక్కు లేవలేదు. మా అమ్మ ప్రతి ఉదయం నలుగురి మొహాలూ వెలుతుర్లోకి తిప్పి చూసుకునేది. ఆ ఎండాకాలం గడిచాక ఒకరోజు కోడల్ని పిలిచి తలకి నూనె పెట్టింది. నూనె పెడుతూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

మా వదిన ఎనభైరెండేళ్లు బతికింది. ఆమెని సాగనంపినప్పుడు నలుగురు పిల్లలూ పక్కనే ఉన్నారు. మా ఊళ్లో ఆమె ఈడు ఆడవాళ్లలో, కన్నవాళ్లందర్నీ బతికించుకుని వెళ్లింది ఆమె ఒక్కతే.